ఇల్లు కప్పతా ఉండాం

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి. ఒక చార్టు గురించి, ఒక ఇంటి కప్పు గురించి, మధ్యలో స్పానిష్ భాష గురించి రాస్తా ఉండాం. స్పానిష్ ఏంది, మనకెందుకు అని పక్కకి జరిపేయబాకండి. మాక్కూడా మొదట అట్నే అనిపించింది.

మేము ముగ్గురం. నెల్లూరు హాస్టల్లో ఒకే రూము. ఒకామెది పులికాట్ అంచున, సూళ్ళూరుపేట దగ్గర. ఒకామెది ముత్తుకూరు వైపు, రొయ్యల గుంటల మధ్య. ఇంకొకామెది అల్లూరు వైపు కాలవ కట్ట. ముగ్గురం యానాదులమే. ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. వయసు ఇరవై, కొంచెం అటూ ఇటూ.

పోయిన ఆగస్టు 9న కాలేజీలో ఆదివాసీ దినోత్సవం చేశారు. 1982లో ఆ రోజే జెనీవాలో ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి కూర్చుందంట, అందుకే ఆ తేదీ. మమ్మల్ని పిలిచి, మీ సంప్రదాయ ఇల్లు మోడల్ చేసి పెట్టండి, పక్కన చార్టు రాయండి అన్నారు. సంబరంగా చేశాం. చీపురు పుల్లలు వాసాలు, కొబ్బరాకు చీల్చి తాటాకు, థర్మోకోల్ నేల. చార్టు మాత్రం ఫోన్‌లో వెతికి రాశాం. ‘యానాదులు తాటాకు గుడిసెలలో నివసించేవారు. వాకిలి చాలా చిన్నదిగా ఉండేది. చేపలు, పీతలు, ఎలుకలను పట్టుకొని జీవించేవారు. కర్రల రాపిడితో నిప్పు పుట్టించేవారు.’ అన్నీ ‘వారు’లే. ‘మేము’ అనే మాట చార్టులో ఒక్కటి లేదు. స్కెచ్ పెన్నుతో అక్షరాలు మాత్రం ముత్యాల్లాగా వచ్చాయి. రెండో ప్రైజు ఇచ్చారు.

చూడటానికి వచ్చిన మేడమ్ ఒకావిడ ప్రేమగానే అడిగింది, ఇప్పుడు మీవాళ్ళు ఎక్కడ ఉంటున్నారమ్మా అని. కాలనీ ఇళ్ళల్లో మేడమ్, ఇప్పుడంతా మారిపోయింది అని ముగ్గురం ఒక్క గొంతుతో చెప్పాం. ముందు అనుకున్నది కూడా కాదు. అబద్ధం అట్టా కలిసి వచ్చేసింది.

ఆ రాత్రే పులికాట్ ఆమెకి వాళ్ళమ్మ ఫోన్. ‘శని, ఆదివారం రా మేయ్. ఇల్లు కప్పతా ఉండాం. ఆకు అందించను మనిషి చాలడం లేదు.’

స్పీకర్‌లో ఉంది. ముగ్గురం విన్నాం. ప్రైజుగా ఇచ్చిన స్టీలు గిన్నె మంచం మీదే ఉంది. దాన్ని చూసి నవ్వొచ్చింది, ఆ తరవాత నవ్వు రాలేదు.

ఇప్పుడు స్పానిష్ సంగతి. చెన్నై కంపెనీల్లో స్పానిష్ వస్తే జీతం ఎక్కువ అని ఒక సీనియర్ అక్క చెప్తే ఎండాకాలంలో మొదలుపెట్టాం. ఫోన్లో ఫ్రీ యాప్. రాత్రి అన్నాలయ్యాక అరగంట. ముగ్గురికీ ఒక్కటే ఇయర్‌ఫోన్, వంతులేసుకుని వినేది. జీతం సంగతి ఏమోగానీ, ఒక పాఠం దగ్గర మేము ఆగిపోయాం.

స్పానిష్‌లో ఇంగ్లీషు ‘యామ్, ఈజ్, ఆర్’ చోట రెండు క్రియలు. ఒకటి ‘సేర్’, రెండోది ‘ఎస్తార్’. నువ్వు ఎవరు, ఏమిటి అనేదానికి సేర్. ఎక్కడ ఉన్నావు, ఎట్టా ఉన్నావు అనేదానికి ఎస్తార్. క్లాసుల్లో ఇది కష్టం అని అందరూ అంటారంట. మాకు కష్టం అనిపించలేదు. ‘నేను యానాదిని’ అనేటప్పుడు మనకి క్రియే అక్కర్లేదు. ‘నేను ఇంట్లో ఉండా’ అనేటప్పుడు కావాలి. అంటే మన ‘ఉండు’ వాళ్ళ ఎస్తార్‌కి చానా దగ్గర. ఎస్తార్ లాటిన్‌లో ‘నిలబడు’ అనే మాట నుంచి వచ్చిందంట.

జరుగుతా ఉన్న పనిని చెప్పాలంటే స్పానిష్‌లో ఎస్తార్ పక్కన ఇంకో మాట పెడతారు. దాని చివర ‘ఆందో’ అనో ‘యెందో’ అనో వస్తుంది. ‘ఎస్తోయ్ కోమియెందో’. యాప్‌లో ఈ వాక్యం వచ్చినప్పుడు మాలో ఒకామె నిజంగానే బన్ను తింటా ఉంది. నోట్లో బన్నుతోనే అనింది: ‘తింటా ఉండా. అంతే కదే?’

అంతే. కోమియెందో అంటే తింటా, ఎస్తోయ్ అంటే ఉండా. ముందూ వెనకా తేడా తప్ప కట్టుబడి ఒకటే. పుస్తకాల తెలుగులో ‘తింటున్నాను’ అని రాస్తాం. అందులోనూ ‘ఉండు’ ఉంది, కానీ లోపల మడిచి పెట్టినట్టు ఉంటుంది, కనపడదు. మన నెల్లూరు మాటలో అది బయటికి తెరిచి ఉంటుంది. తింటా ఉండా, పోతా ఉండాం, కడతా ఉండారు. ఇదే ‘ఉండా’కి స్కూల్లో మమ్మల్ని ఎన్నిసార్లు నిలబెట్టారో. ‘ఉండా ఏంటి? ఉన్నాను అనాలి’ అంటే క్లాసంతా నవ్వేది. హాస్టల్‌కి వచ్చాక మేమే జాగ్రత్తపడి ‘ఉన్నాను’ నేర్చుకున్నాం. ఇప్పుడు ఎక్కడో స్పెయిన్‌లో, పెరూలో కోట్లమంది అదే పద్ధతిలో మాట్లాడతా ఉంటే, మన మాట తప్పెట్టా అయిందో మాకు అర్థం కాలేదు. (మేము ముగ్గురం ఆడపిల్లలం కాబట్టి స్పానిష్‌లో ‘మేము’ అనడానికి ‘నోసోత్రాస్’ అనాలి. మగవాళ్ళు ఒక్కరు కలిసినా ‘నోసోత్రోస్’ అయిపోతుంది. ఇది మాకు నచ్చలేదు, ఊరికే చెప్తా ఉండాం.)

ఇంకొకటి. ‘వివియెందో’ అంటే బతుకుతా, కాపురం ఉంటా. ‘వివియెంద’ అంటే ఇల్లు. ఒక్క అక్షరం తేడా. రాసేది ‘వ’, పలికేది ఇంచుమించు ‘బ’. రెండూ ‘వివిర్’, అంటే బతకడం, అనే మాటకి సంబంధించినవే. మనం కూడా కొత్తవాళ్ళని ‘మీ ఇల్లెక్కడ’ అనేకంటే ముందు ‘మీరు యాడ ఉంటారు’ అనే కదా అడుగుతాం.

సరే, చార్టు. ఫోన్ పెట్టేశాక ముగ్గురం దాన్ని మళ్ళీ చదివాం, ఈసారి క్రియలు మాత్రమే. నివసించేవారు, ఉండేది, జీవించేవారు, పుట్టించేవారు. స్పానిష్‌లో దీనికి కూడా ఒక రూపం ఉంది. ‘వివియాన్’ అంటే ఉండేవాళ్ళు. ఎప్పుడు ఆగిపోయిందో చెప్పకుండానే ఇప్పుడు లేదు అనిపించే రూపం. అమ్మ ఆకు పేర్చుకుంటా ఉంటే మేము ఆమెని వివియాన్‌లో పెట్టి ప్రైజు తెచ్చుకున్నాం.

మన గురించి రాసిన పాత పుస్తకాల్లో ఇంకో రకం. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. అందులో మన గుడిసె ఉంది. శంకు ఆకారం, వెదురు, తాటాకు, పెద్దవాళ్ళు పాకి పోవాల్సినంత చిన్న వాకిలి. 1962లో వెన్నెలకంటి రాఘవయ్య గారు ‘ది యానాదీస్’ అని పుస్తకమే రాశారు. మనవాళ్ళ కోసం జీవితమంతా తిరిగిన మనిషి, ఆయన్ని ఆ దొర పక్కన నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. థర్‌స్టన్ లాంటి పుస్తకాల్లో క్రియ ‘ఉంటారు’. గుడిసెల్లో ఉంటారు, ఎలకలు తింటారు, చల్ల యానాదులు ఇట్టా చేస్తారు, మంచి యానాదులు అట్టా చేస్తారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టు. తెలుగులో ఈ రూపానికి ఇంకో గొడవ ఉంది. ‘గుడిసెల్లో ఉంటారు’ అంటే అలవాటుగా ఉంటారనీ అవుతుంది, రేపు కూడా ఉంటారనీ అవుతుంది. రెంటికీ మనకి ఒకటే మాట. అందుకే అది చదివినప్పుడు కడుపులో ఒకలాగా ఉంటుంది.

యానాది అనే పేరు ‘అనాది’ నుంచి వచ్చిందని చానామంది చెప్తారు. నిజమో కాదో పండితులు తేల్చుకోనీ. కానీ పేరులోనే మొదలు తెలియని కాలం పెట్టుకున్న మనకి ‘ఇప్పుడు’ అనేది ఎవరూ ఇవ్వరు.

ఆఫీసుల్లో అయితే మనకి జరుగుతా ఉన్న క్రియే ఇస్తారు. ‘మీ ఇల్లు వస్తా ఉందమ్మా.’ ‘శాంక్షన్ అవతా ఉంది.’ మాలో ఒకామె ఇంట్లో ఈ మాట ఆమె మూడో తరగతి నుంచి వింటా ఉన్నారు. తెలుగులో ఈ సుఖం ఉంది, రేపటి పనిని కూడా ‘పోతున్నా, వస్తున్నా’ అని చెప్పొచ్చు. స్పానిష్‌లో మామూలుగా ఇట్టా కుదరదు. ఎస్తార్ పెట్టి చెప్తే ఆ పని ఇప్పుడు జరుగుతా ఉండాల్సిందే. మన మండలాఫీసుల్లో స్పానిష్ పెడితే సగం మాటలు ఆగిపోతాయి అని నవ్వుకున్నాం.

శనివారం పొద్దున చెన్నై వైపు ప్యాసింజరు ఎక్కి ముగ్గురం సూళ్ళూరుపేటలో దిగాం. 2022 నుంచి అది తిరుపతి జిల్లా అంట, జేజికి ఆ సంగతి ఇంకా తెలియదు. సరస్సు అంచున పోరంబోకులో పదిహేను ఇళ్ళు. నాలుగు శ్లాబు, రెండు రేకులు, మిగతావి తాటాకు.

పాత కప్పు అప్పటికే దించేశారు. ఆకు నల్లగా, పొడిపొడిగా, దాంట్లోంచి తేళ్ళు రెండు, ఒక జెర్రి. తాటాకు కప్పు మహా అయితే రెండు మూడేళ్ళు. ఆ తరవాత వాన లోపలికి వస్తుంది. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి కదా, ఆ లోపు అయిపోవాలి. కొత్త ఆకు ముందే కొట్టి, ఎండబెట్టి, పైన రాళ్ళు పెట్టి అణిచి ఉంచారు. నిట్రాట బాగానే ఉంది, వాసాలు మూడు మార్చారు. మామ, అన్న పైన. మేము కింద నుంచి ఆకు అందించాలి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు, ఒక వరస మీద ఇంకో వరస సగం ఎక్కేట్టు. తిరగేస్తే నీళ్ళు లోపలికి పడతాయి. ఇది మా చార్టులో లేదు. మోడల్ మేము కొప్పు దగ్గర నుంచి కిందికి కప్పాం. మామకి ఫోటో చూపిస్తే, ‘ఇందులో ఎవురుంటారు, కప్పలా?’ అన్నాడు.

కట్టేదానికి తాటినార కొంత, నైలాన్ వల తాడు కొంత. ఆకు కింద పాత ఫ్లెక్సీలు పరిచారు. ఎలక్షన్లప్పటివి. ఇంట్లో పడుకుని పైకి చూస్తే ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వతా ఉంటాడు. సంప్రదాయ ఇల్లు అంటే ఇదీ. 1909 పుస్తకంలో ఫ్లెక్సీ లేదు కాబట్టి ఇది సంప్రదాయం కాదు అనేవాళ్ళకి మా దగ్గర జవాబు లేదు, నైలాన్ తాడు మిగిలింది, ఇస్తాం.

మధ్యాహ్నం ఎండ్రకాయల పులుసు. వాళ్ళమ్మ తెల్లారుజామున నీళ్ళలో కూర్చుని చేత్తో తడిమి పట్టుకొచ్చినవి. ‘పీతలు పట్టుకొని జీవించేవారు’ అని రాసిన చేత్తోనే మూడుసార్లు వడ్డించుకున్నాం.

జేజి పుట్టింది శ్రీహరికోట దీవిలో. 1969లో రాకెట్ల కోసం ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ లేచింది. జేజివాళ్ళు అప్పటికి ఇవతలికి వచ్చేశారు, ఆమెకి పదో పన్నెండో. ఇప్పుడు రాకెట్ పోయినప్పుడల్లా అందరూ సరస్సు గట్టున నిలబడి చూస్తారు, జేజి కూడా చప్పట్లు కొడుతుంది. ఆమెకి కోపం ఉందో లేదో మాకు తెలియదు. కానీ దీవి మాటొస్తే ఆమె క్రియలు మారిపోతాయి. ‘ఆడ చింతమాను కింద ఉంటా ఉండాం. అమ్మ గెణుసు గడ్డలు తవ్వతా ఉంది. నేను సూస్తా ఉండా.’ యాభై ఏళ్ళు దాటింది, ఆమె ఇంకా అక్కడే జరుగుతా ఉన్నట్టు చెప్తుంది.

ఆ మధ్య సర్వేకి ఒకతను ట్యాబు పట్టుకుని వచ్చాడంట. ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నారు అని అడిగాడు. ‘ఉంటానే ఉండాం నాయనా’ అనింది జేజి. ‘అది కాదవ్వా, నంబరు కావాలి.’ ‘ఉంటానే ఉండాం.’ అతను మంచివాడే, రెండుసార్లు ఓపిగ్గా అడిగాడు. ఆ గడిలో అంకె తప్ప ఎక్కదు. చివరికి పది అని కొట్టుకుని పోయాడు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు ఇదే చోట ఇల్లు కొట్టుకుపోయి, ఇదే చోట మళ్ళీ కట్టారు. పట్టా లేని మనకి ఆ అంకె ఎంత అవసరమో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. జేజి మాటకి స్పానిష్‌లో సరిగ్గా ఒక పద్ధతి ఉంది. ఎస్తార్ తీసేసి ‘సెగిర్’ పెడతారు, ‘సెగీమోస్ వివియెందో’. ఇంకా ఉంటానే ఉన్నాం అని. సెగిర్ అంటే వెంట నడవడం, కొనసాగడం. ట్యాబులో అట్టాంటి గడి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి కొత్త ఆకు వాసనలో పడుకుని ఫోన్‌లో స్పానిష్ పాఠానికి సంబంధించిన వీడియో చూశాం. పెరూ దేశంలో, 3,800 మీటర్ల ఎత్తున తితికాకా సరస్సు. దాని మీద ఊరోస్ అనే జనం తేలే దీవులు కట్టుకుని ఉంటారు. మన జమ్ములాంటి తొతోరా అనే రెల్లుతోనే దీవి, ఇల్లు, పడవ అన్నీ. అడుగున రెల్లు నీళ్ళకి కుళ్ళిపోతా ఉంటుంది, పైన కొత్త రెల్లు పరుస్తా ఉంటారు. ఆపితే దీవి మునిగిపోతుంది. వాళ్ళ సొంత భాష అక్కడ పోయింది, ఇప్పుడు ఐమారా, స్పానిష్ మాట్లాడతారు. ఐమారాలో మన తెలుగులాగే ‘మేము’ వేరు, ‘మనం’ వేరంట, స్పానిష్‌లో ఆ తేడా లేదు. వీడియోలో ఒకామె రెల్లు పరుస్తా టూరిస్టులతో మాట్లాడతా ఉంది. వాళ్ళ ఇల్లు ‘కట్టారు’ అని ఎప్పటికీ అనలేం. జేజికి చూపించాం. కొంచెంసేపు చూసి, ‘పాపం, దానికీ ఆకు అందించను మనిషి లేనట్టుండాదే’ అనింది.

ఇదంతా విని గుడిసే గొప్ప అని మేము అంటా ఉన్నామని అనుకోబాకండి. మా ముగ్గురికీ దీని మీద గట్టి గొడవే అయింది, తిరుగు రైల్లో. ముత్తుకూరు ఆమె వాళ్ళ నాన్న రొయ్యల గుంటకి కాపలా. వాళ్ళుండే గుడిసె ఓనరుది. ‘దాన్ని మా సంప్రదాయ గృహం అని ఎవురన్నా రాస్తే నాకు మండుద్ది. రాత్రి పన్నెండుకి టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగే మనిషి ఇల్లు అది’ అనింది. అల్లూరు ఆమెకి శ్లాబు కావాలి, చర్చే లేదు, వాళ్ళ చెల్లెలు నిద్రలో ఉండంగా చూరులోంచి పాము పడింది. ప్రధానమంత్రి జన్‌మన్ ఇళ్ళు మనకి వస్తాయని కొందరు అనుకుంటా ఉన్నారు, అది బాగా వెనకబడిన తెగల జాబితాకి మాత్రమే, చెంచులు ఉన్నారు, ఆ జాబితాలో యానాదులు లేరు. కాబట్టి మామూలు ఇళ్ళ పథకమే, మామూలు ‘వస్తా ఉంది’యే. పులికాట్ ఆమె మాత్రం మాట్లాడలేదు. చేతులకి తాటాకు రంపం గీతలు, వాటిని చూసుకుంటా కూర్చుంది. గూడూరు దాటాక అనింది: ‘ఇల్లు మార్చుకుందాం. కానీ ఆరోజు కాలనీ ఇల్లని ఎందుకు చెప్పాం?’

చార్టు అప్పటికి కాలేజీ వరండాలో తగిలించి ఉంది. సోమవారం అడిగి దించుకున్నాం, తప్పులున్నాయి, దిద్ది ఇస్తాం అని. నిజమే కదా. వెనకవైపు తిప్పి కొత్తగా రాశాం. ‘మేము యానాదులం. నెల్లూరు తీరంలో ఉండాం. కొందరం శ్లాబు ఇళ్ళల్లో, కొందరం రేకుల ఇళ్ళల్లో, కొందరం తాటాకు ఇళ్ళల్లో ఉండాం. ఆగస్టులో మా ఇల్లు కప్పతా ఉండాం, చూరు నుంచి పైకి.’ నిప్పు వాక్యం దగ్గర ఆగాం. అది నిజంగానే ‘పుట్టించేవాళ్ళు’. మాలో ఎవరికీ రాదు, జేజికి కూడా లైటరే. దాన్ని అట్నే ఉంచాం. కింద ఒక లైను స్పానిష్‌లో: ‘ఎస్తామోస్ తెచాందో లా కాసా’. ఇల్లు కప్పతా ఉండాం అని. ఇది కొంచెం పోజే, ఒప్పుకుంటాం.

చివరి వాక్యం దగ్గర గొడవ ఇంకా తేలలేదు. ‘మేము మంచి ఇల్లు కడతాం’ అని రాయాలని ఇద్దరం. ఇందాక చెప్పిన గొడవే, తెలుగులో అది అలవాటూ అవుతుంది, రేపటి మాటా అవుతుంది, చదివేవాళ్ళు ఏది అనుకుంటారో అని ఒకామె. కడతా ఉండాం అని రాస్తే అబద్ధం, ఇంకా ఇటుక కూడా దిగలేదు. అందుకని చార్టు ఇంకా మా మంచం కిందే చుట్టి ఉంది. వరండాలో మేకు ఖాళీగా ఉంది.

ఒక సాయం చేయండి. బొమ్మ కూడా కొత్తగా గీస్తా ఉండాం, ఇంటి భాగాల పేర్లు మన మాటలో రాయాలని. నిట్రాట, వాసం, చూరు, కొప్పు మాకు తెలుసు. వాసాలకి అడ్డంగా కట్టే సన్న వెదురు బద్దల్ని మామ దబ్బలు అంటాడు, అల్లూరు వైపు ఇంకేదో అంటారంట, గుర్తు రావడం లేదు. కావలి, ఉదయగిరి, వెంకటగిరి వైపు మీ ఇళ్ళల్లో ఏమంటారో జేజిల్ని, అమ్మమ్మల్ని అడిగి కింద రాయండి. ఊరి పేరు కూడా పెట్టండి.